ఆవలి కొస

చండ్రుగొండలో మోటారు వైండింగు షాపు నడిపే జయరాజ్‌కు వారానికి ఒక్కటే సెలవు, ఆదివారం. ఆ ఒక్క రోజునూ దేవుడికి ఇవ్వకుండా తీసుకుపోయి ఖమ్మం గ్రంథాలయానికి ఇస్తున్నాడని అతని భార్య మహిమకు ఒళ్ళు మంట. తెల్లచీర కట్టుకొని, బైబిలు చంకన పెట్టుకొని ఆమె మందిరానికి బయల్దేరే వేళకు అతను టిఫిను డబ్బా సంచిలో వేసుకొని బస్టాండుకు బయల్దేరేవాడు. మొగుడూ పెళ్ళాం చెరో దిక్కుకు పోతుంటే చూసేవాళ్ళు ఊరుకుంటారా? "ఈ వయసుల గ్రూపు పరీక్ష రాస్తుండట" అని టీకొట్టు దగ్గర ఒకరంటే, "రాయనియ్, మోటార్లు కాల్చేదానికన్న నయం" అని ఇంకొకరు.

అతను రాసేది పరీక్ష కాదు. వెతుకుతున్నాడు. దేన్ని అంటే ఎనభై ఆరు వరదను.

ఆ ఏడు గోదావరి భద్రాచలాన్ని ముంచినప్పుడు అతనికి నాలుగేళ్ళు ఉంటాయని అంచనా. అంచనా అనడం ఎందుకంటే, పుట్టినరోజు హాస్టలువాళ్ళు వేసింది, పేరు హాస్టలువాళ్ళు పెట్టింది. లాంచీవాళ్ళు లంకలో చిక్కుకున్న పిల్లల్నీ ముసలివాళ్ళనూ ముందు ఎక్కించుకొని బూర్గంపాడు ఒడ్డున దించితే, అక్కణ్ణుంచి లారీలో కొత్తగూడెం తెచ్చారట. మిగతా పిల్లల్ని వాళ్ళ వాళ్ళు వచ్చి తీసుకుపోయారు. "మీది ఏ ఊరురా?" అని అడిగితే ఇతను మాత్రం "లంక" అనేవాడట. గోదావరిలో లంకలకు కొదవా? చివరికి మిషను హాస్టలువాళ్ళే ఉంచేసుకొని జయరాజ్ అని పిలిచారు.

వార్డెను మంచివాడే, ఎవరి కడుపూ మాడ్చలేదు. కానీ ఒకరోజు ఏదో అల్లరి చేస్తే, "మీవాళ్ళు నీకోసం ఒక్కసారన్న వచ్చిండ్రారా?" అన్నాడు. కోపంలో అన్న మాట. ఆయన సాయంత్రానికే మరిచిపోయి ఉంటాడు. జయరాజ్ మరిచిపోలేదు. పెళ్ళి చేసుకున్నాడు, షాపు పెట్టాడు, కూతురు జెస్సికాను నర్సింగు చదివిస్తున్నాడు. ఆ మాట మాత్రం లోపల అట్లాగే ఉండిపోయింది.

నిరుడు గుండెల్లో మంటగా ఉందని దవాఖానాకు పోతే డాక్టరు, "మీ అమ్మకుగానీ నాయనకుగానీ గుండెజబ్బు ఉందా?" అని అడిగాడు. "తెల్వదు సార్" అన్నాడు జయరాజ్. "పోనీ వాళ్ళు ఎట్ల పోయిండ్రు?" అన్నాడు డాక్టరు. "పోయిండ్రో లేదో గూడ తెల్వదు సార్." ఆ మంట గ్యాసేనని తేలింది. బయటికొచ్చిన జయరాజ్ బండి స్టార్టు చేయలేక చాలాసేపు దానిమీద ఊరికే కూర్చున్నాడు. అమ్మ దొరకాలని అతనికి పెద్ద ఆశ ఏమీ లేదు. తెలియాల్సింది ఒక్కటే: తనకోసం ఎవరైనా వెతికారా? వెతికి ఉంటే చాలు. వెతకలేదని తేలినా సరే, ఆ మాటా ఒక కొలిక్కి వస్తుంది.

ముందు ఫోనులో వెతికాడు. 'వరదలో తప్పిపోయిన పిల్లవాడు' అని ఒక్కో అక్షరం పట్టి కొడితే ఆ ఫోను మొన్నటి వరద వార్తలు, ఎవరో పిల్లాడి డాన్సు వీడియో, లైఫ్ జాకెట్ల ప్రకటన చూపించింది. ఆ తర్వాత నెలంతా లైఫ్ జాకెట్లే. గోదావరికి ఇంత దూరాన చండ్రుగొండలో కూర్చున్నవాడికి అవెందుకో ఆ ఫోనుకే తెలియాలి.

అప్పుడు తల్లాడ మీదుగా ఖమ్మం బస్సెక్కడం మొదలుపెట్టాడు. గ్రంథాలయంలో పాత పేపర్లు బైండు చేసి ఉన్నాయి. ఆ ఆగస్టు నెలను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. నీటిమట్టం ఎంత, ఏ నాయకుడు ఏ హెలికాప్టరులో వచ్చాడు, ఎన్ని బస్తాల బియ్యం పంచారు, అన్నీ ఉన్నాయి. పిల్లవాడు లేడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

అక్కడ పనిచేసే ఫరహా కొన్ని వారాలు చూసి చూసి ఒకరోజు వచ్చి ఎదురుగా కూర్చుంది. కొత్తగూడెం పిల్ల. వాళ్ళ నాన్న అహ్మద్ పాషా కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. అందుకేనేమో, గోళ్ళల్లో నల్లటి నూనె మరకలు ఉన్నవాళ్ళంటే ఆమెకు కాస్త అభిమానం. "అన్నా, ఒకే పుస్తకం మూడోసారి తిప్పుతున్నరు. అసలు మీకు కావాల్సిందేంది?" అని అడిగింది.

జయరాజ్ అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాడు. వార్డెను మాటతో సహా చెప్పాడు. ఫరహా కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుంది.

"మీరు మీ ప్రశ్నను పట్టుకొని తిరుగుతున్నరన్నా" అంది తర్వాత. "పేపర్ల మన ప్రశ్న ఉండదు. రాసినోళ్ళ మాట ఉంటది. మీరు 'తప్పిపోయిన పిల్లవాడు' అని వెతుకుతరు. లాంచీ నడిపినోడు 'తప్పిపోయిండు' అంటడా? 'కాపాడినం' అంటడు. లారీ తోలినోడు 'చేరవేసినం' అంటడు. ఎవరి మాట వాళ్ళది. ఆ మాటతోని వెతకాలె."

ఆ మాటలు పెట్టుకొని ఇద్దరూ మళ్ళీ చూస్తే, ఒక మూలన చిన్న వార్త దొరికింది. లాంచీలో కాపాడిన పిల్లలను, వృద్ధులను కొత్తగూడెం శిబిరానికి చేర్చారని. అంతే. ఇన్నిసార్లు ఆ పేజీ తిప్పిన జయరాజ్ ఆ వార్తను బియ్యం పంపిణీ అనుకొని దాటేశాడు. పేరు లేదు, ఊరు లేదు. అయినా అందులో తను ఉన్నాడు.

"మరి మీ అమ్మ ఏమంటది?" అంది ఫరహా. "ఆమె మాట ఏందో చెప్పండి. దాంతోని వెతుకుదాం."

"మా అమ్మ మాట నాకు యాదికి లేదు మేడం" అన్నాడు జయరాజ్. ఫరహా అనవసరంగా అడిగానే అని నొచ్చుకుంది.

ఇట్లా ఉండగా ఇంట్లో బాంబు పేలింది. సంఘం తరఫున నెలనెలా వచ్చే పత్రికలో ప్రార్థన విన్నపాలని ఒక పేజీ ఉంటుంది. జబ్బు తగ్గాలని, ఉద్యోగం రావాలని, కోర్టు కేసు గెలవాలని ఎవరి బాధ వాళ్ళు ఒక ముక్క రాసి పంపితే ఊరుపేరుతో అచ్చేస్తారు. చదివినవాళ్ళంతా వాళ్ళకోసం ప్రార్థన చేస్తారు. ఆ నెల పత్రికలో చండ్రుగొండ నుంచి ఒక విన్నపం ఉంది: "నా భర్త జయరాజ్, మోటారు మెకానిక్, ఆదివారములు మందిరమునకు రాక పుస్తకముల వెంట తిరుగుచున్నాడు. ఆయన మనస్సు మరలునట్లు ప్రార్థించండి. ఇట్లు, మహిమ."

జయరాజ్ కంటే ముందు టీకొట్టువాళ్ళు చదివారు. "మనసు మరలిందా అన్నా?" అని పలకరింపులు మొదలయ్యాయి. పత్రిక చేతిలో చుట్టుకొని ఇంటికొచ్చి భార్య మీద విరుచుకుపడ్డాడు.

"ఇంట్ల ముచ్చట తీసుకపోయి బజార్ల పెడ్తవా?"

"బజార్ల పెట్టలే. దేవుని ముందర పెట్టిన."

"దేవునికి నేను మోటారు మెకానిక్ అని తెల్వదా? అదెందుకు రాసినవే?"

"ఊర్ల ఇంకో జయరాజ్ ఉన్నడు గద. ఆయన కోసం చేస్తే ఎట్ల?" అంది మహిమ, అన్నం వడ్డిస్తూ. ఎంత పోట్లాటలోనైనా కంచం దగ్గర ఆలస్యం చేసే మనిషి కాదామె.

మరుసటి ఆదివారం ఆ పత్రికను ఫరహాకు చూపించి, "చూడండి మేడం, నా బతుకు గిట్లయింది" అన్నాడు. ఆమె చదివి నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పేజీలో మిగతావి కూడా చదివింది. చదువుతుంటే నవ్వు ఆగిపోయింది.

"అన్నా, ఇది ఎవరైనా రాయొచ్చా?"

"అవ్. ఎవరైనా."

"పైసలు తీసుకుంటరా?"

"ప్రార్థనకు పైసలేంది మేడం?"

"రాయరానోళ్ళు?"

"పాస్టరు అయ్యగారికి చెప్తే ఆయనే రాసి పంపుతడు."

ఫరహా పత్రికను బల్ల మీద పెట్టి దాని మీద చెయ్యి వేసింది. "పిల్లగాడు తప్పిపోయిండని పేపర్ల వేయించనీకి లంకల ఉన్న తల్లికి దారి తెలుస్తదా? ఆమె పోలీసు దగ్గరికి పోయిందో లేదో, పేపరాఫీసుకు పోయిందో లేదో మనకు తెల్వదు. గిక్కడికి మాత్రం వచ్చి ఉంటది. కాకపోతే ఒక్క మాట. మీ అమ్మావాళ్ళు క్రిస్టియన్లేనా?"

జయరాజ్‌కు తల్లి గురించి గుర్తున్నవి రెండే. ఎక్కడో వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఇనుముతో కొట్టే చప్పుడు. ఆ చప్పుడు వినగానే నీళ్ళు అద్ది తన తల దువ్వే చెయ్యి. అది బడి గంట అని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఇప్పుడు ఆగి ఆలోచించాడు. "ఆ లంకల బడి యాడిది మేడం? నాలుగేండ్ల పోరడు బడికి పోతడా? అది మందిరం గంటే!"

"అయితే రండి" అని లేచింది ఫరహా. కానీ అట్ట మీద అచ్చువేసిన సంవత్సరం చూసి ఆగిపోయింది. మహిమ రాసిన పత్రిక ఖమ్మంలో మొదలైందే ఆ వరద తర్వాత చాలా ఏళ్ళకు. జయరాజ్ మొహం వాడిపోయింది. పట్టుకున్న ప్రతి కొమ్మా విరిగిపోతుంటే ఎవరికి మాత్రం ఓపిక ఉంటుంది?

"మోటారుకు కరెంటు అందకపోతే ఏం చేస్తరన్నా మీరు?" అని అడిగింది ఫరహా.

"ఈ కొసకు టెస్ట్ ల్యాంప్ పెట్టి చూస్త. ఈడ వెలిగితే ఆ కొసకు పోత. ఆడ వెలగకపోతే నడుమ ఎక్కడనో వైరు తెగినట్టు."

"మరి ఇన్ని నెలలు ఈ కొసనే పట్టుకొని కూసున్నరేంది? దొరికిన పిల్లగాని కొస ఇది. పోగొట్టుకున్నోళ్ళ కొస ఎటుంటది? గోదాట్ల పిల్లగాడు పోయిండనుకుంటే మీ దిక్కు జనం ఎటు వెతుకుతరు?"

జయరాజ్‌కు అప్పుడు తట్టింది. గోదావరిలో పోయినవాళ్ళను ఎవరైనా దిగువకే వెతుకుతారు. ఒడ్డు పట్టుకొని కూనవరం, పోలవరం, రాజమండ్రి దాకా పోతారు. ఎగువకు ఎవరూ చూడరు. నీళ్ళు ఎగువకు మోసుకుపోవు కదా. లాంచీ, లారీ మోసుకుపోతాయని ఆ గందరగోళంలో ఎవరికి తోస్తుంది?

"ఆ కాలంల దిగువన సంఘాలోళ్ళు ఏ పత్రిక తెప్పించుకునేటోళ్ళో కనుక్కోండి" అంది ఫరహా.

కనుక్కోవడానికి దూరం పోనక్కర లేకపోయింది. ఇంట్లోనే మహిమ ఉంది. జయరాజ్ ఆ రోజు జరిగింది మొత్తం చెప్పాడు. ఆదివారాలు తను దేనికోసం పోతున్నాడో ఆమెకు సరిగా తెలిసింది అప్పుడే. పేపర్లు చదివే పిచ్చి పట్టిందనుకుందే తప్ప ఇంత బాధ ఉందనుకోలేదు. "నాతోని చెప్తే ఏమైతుండె?" అని కళ్ళు తుడుచుకొని, "మా నాయన రాజమండ్రి పత్రిక తెప్పించేటోడు. గోదావరి పొడుగునా అందరూ అదే చదివేటోళ్ళు" అంది. తర్వాతి ఆదివారం మహిమ కూడా మందిరం ఎగ్గొట్టి ఖమ్మం బస్సెక్కింది. ఇద్దరూ ఒకే దిక్కుకు పోవడం చూసి టీకొట్టువాళ్ళకు ఏమనాలో తోచలేదు.

ఆ పత్రిక పాత సంచికలను ఒక బైబిలు కళాశాలవాళ్ళు స్కాన్ చేసి నెట్టులో పెట్టారు. ఫరహా కంప్యూటరు ముందు వాళ్ళిద్దరికీ చెరో కుర్చీ వేసింది. జయరాజ్ 'వరద' అని కొట్టి వెతకబోతే ఆపింది. "ఇవి ఫోటోలన్నా. కంప్యూటర్‌కు ఇందులో అక్షరాలు చదవరావు. అది 'ఏమీ దొరకలేదు' అంటే లేదని కాదు, దానికి చదవరాదని. మనమే కళ్ళతోని చూడాలె. అన్నీ చూస్తే తెల్లారుతది. ఏ నెల చూద్దాం?"

"ఆగస్టే. వరద అప్పుడే గద" అన్నాడు జయరాజ్.

"ఆగస్టుల ఉండదు" అంది మహిమ. "నేను పంపినంక రెండు నెలలకు పడ్డది. వాళ్ళ అచ్చు పని ముందే అయిపోతదట."

ఫరహా ఆమె వైపు మెచ్చుకోలుగా చూసి అక్టోబరు సంచిక తెరిచింది. చివరి పేజీకి ముందు పేజీలో, జబ్బుల మధ్య, కాన్పుల మధ్య, సన్నటి అక్షరాలు:

"గోదావరి వరదలో మా నుండి వేరైన నా కుమారుడు రత్నం, నాలుగేండ్లవాడు, క్షేమముగా దొరుకునట్లు ప్రార్థించుడి. ఇట్లు, విశ్రాంతమ్మ, బూర్గంపాడు లంక. ప్రస్తుతము కూనవరం."

జయరాజ్ స్క్రీను మీద ఆ పేరును వేలితో తాకాడు. "నాకోసం వెతికిండ్రు" అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు. వెక్కి వెక్కి ఏడుస్తున్న మనిషిని చూసి పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తలలెత్తారు. ఫరహా వాళ్ళకు సైగ చేసింది, చదువుకోండని.

"ఇంకో ఏడుది చూస్త" అంది ఫరహా. మరుసటి అక్టోబరులో కూడా ఉంది. ఆ మరుసటి ఏడూ ఉంది. ఆ తల్లి ఒక్కసారి రాసి ఊరుకోలేదు. వరద నెల వచ్చినప్పుడల్లా రాయించింది. కానీ మాట మారుతూ వచ్చింది. "నా కుమారుడు రత్నంకు బడి ఈడు వచ్చినది. ఎక్కడ ఉన్నను చదువు అబ్బునట్లు." కొన్నేళ్ళ తర్వాత: "చేతికి పని దొరుకునట్లు." ఆ తర్వాత: "రత్నంకు పెండ్లి ఈడు వచ్చినది. ఓపిక గల ఇల్లాలు దొరుకునట్లు."

అది చదివి మహిమ కొంగు నోట్లో కుక్కుకుంది. "నాకోసం గూడ ప్రార్థన చేసిందయ్యా" అంది.

ఆ పైన ఏళ్ళలో విన్నపం ఒకే మాట మీద నిలిచిపోయింది. "నా కుమారుడు రత్నం ఏ ఇంట ఉన్నాడో, అతనికి వేళకు అన్నము పెట్టుచున్న ఆ ఇంటివారిని దేవుడు దీవించునట్లు ప్రార్థించుడి." కొడుకు దొరకాలని అడగడం ఆమె మానేసింది. ఆశ వదులుకొని మానేసిందో, ఇంకేదో నమ్మకంతో మానేసిందో ఆ సన్నటి అక్షరాలను చూసి చెప్పడం ఎవరి తరం?

తర్వాత ఒక అక్టోబరులో ఆ విన్నపం లేదు. ఆ పై ఏడూ లేదు. జయరాజ్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "పోయింది మా అమ్మ" అన్నాడు.

"ఉండండన్నా. ఆమె ఒక్కతే లేదా, ఎవరూ లేరా?" ఫరహా పేజీలు వెనక్కీ ముందుకూ తిప్పింది. విన్నపాల పేజీయే లేదు. అది ఆగిపోయిన సంచికలో అడుగున ఒక గమనిక ఉంది: ఇకమీదట ప్రార్థన విన్నపాలను మీ సంఘ కాపరికే తెలుపగలరని. "చూసిండ్రా? ఆమె ఆగలే. పత్రికోళ్ళు పేజీ ఆపిండ్రు. దొరకకపోతే, ఎందుకు దొరకలేదో చూడకుండ ఏదీ అనుకోవద్దు."

చివరి విన్నపం కింద కూనవరం దగ్గరి ఒక చిన్న సంఘం పేరుంది. అక్కడి పాస్టరు నంబరు సంపాదించడానికి మహిమకు మూడు ఫోన్లు సరిపోయాయి. సంఘాలవాళ్ళకు ఒకరికొకరు ఎక్కడో ఒకచోట చుట్టమే అవుతారు.

ఫోను అందరికీ వినబడేట్టు పెట్టారు. పాస్టరు అంతా విని అన్నాడు: "విశ్రాంతమ్మ గారు ఉన్నారయ్యా. బాగానే ఉన్నారు. కానీ నేనే నీ కొడుకునని ఇంతకుముందు ఒకడు వచ్చాడు. పత్రికలో చదివి వచ్చాడు. పెట్టినన్నాళ్ళు తిని వెళ్ళిపోయాడు. పిల్లవాడికి ఒక గుర్తు ఉంది, అది ఆవిడ ఎన్నడూ రాయించలేదు. నాకు మాత్రమే చెప్పింది. మీరు చెప్పండి."

ఫరహా ఒప్పుకుంటూ తల ఊపింది. ఒకచోట దొరికిన మాటకు సాక్ష్యం వేరే చోటినుంచే రావాలని ఆమె ఎప్పుడూ అంటుంది. జయరాజ్ ఒంటి మీద గుర్తులకు తక్కువా? ముంజేతి మీద కాలిన మచ్చ చెప్పాడు, బొటనవేలి గాటు చెప్పాడు. అవన్నీ షాపులో తగిలినవే. అవతల పాస్టరు ఊఁ కొట్టడం లేదు.

మహిమ ఫోను దగ్గరికి వంగింది. "అయ్యగారూ, ఈయన ఎడమ చెవి తమ్మె చీలి ఉంటది. రెండు ముక్కలై ఉంటది. ఎందుకో ఆయనకే తెల్వదు."

కట్ అయిందేమోనని ఫరహా చూసింది. కాలేదు. "వచ్చే ఆదివారం రండమ్మా" అన్నాడు పాస్టరు. "ఆవిడకు నేను చెప్పను. చెప్పాక ఏ కారణానైనా మీరు రాలేకపోతే తట్టుకోలేదు."

ఆ ఆదివారానికి మళ్ళీ ఆగస్టు వచ్చేసింది. గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. భద్రాచలంలో బస్సు మారి, కూనవరం దాటి ఆటోలో ఆ ఊరు చేరారు. మందిరం చిన్నది, రేకుల కప్పు. బయట బోరింగు దగ్గర జయరాజ్ మొహం కడుక్కుంటుంటే ఎవరో గంట కొట్టారు. కొయ్యకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద ఇనప కడ్డీతో. జయరాజ్ చెంబు పట్టుకొని కదలకుండా నిలబడిపోయాడు. మహిమ అతన్ని చూసి, చేతులు తడిచేసుకొని అతని తల దువ్వింది.

లోపల మగవాళ్ళ చాప ఒకవైపు, ఆడవాళ్ళ చాప ఒకవైపు. జయరాజ్ వెనకగా కూర్చున్నాడు. పాటలైపోయాయి. పాస్టరు, "విన్నపాలు ఉన్నవాళ్ళు చెప్పండి" అన్నాడు కానీ అంటూ ఎవరి వైపూ చూడలేకపోయాడు. ఒకాయన మోకాళ్ళ నొప్పి చెప్పాడు. ఒకామె కోడలి కాన్పు చెప్పింది.

తర్వాత ముందు వరసలో ఒక బక్కపలచని మనిషి లేచింది. జుట్టు ముగ్గుబుట్ట. ఏటా వినే మాటే కాబట్టి సంఘమంతా ముందే తలలు వంచేసింది.

"నా కొడుకు రత్నం యాడున్నడో" అంది విశ్రాంతమ్మ. "యాడున్నా సల్లగుండాలె. వానికి యాళ్ళకు ఇంత అన్నం పెడ్తున్న ఆ ఇంటోళ్ళు సల్లగుండాలె. వాళ్ళకోసం ప్రార్థన చేయండయ్యా."

జయరాజ్ లేవబోయాడు. ఇన్ని నెలలు ఇన్ని పేజీలు తిప్పినవాడు ఆ కాస్త దూరం దాటలేకపోయాడు.

ఆడవాళ్ళ చాప మీదినుంచి మహిమ లేచింది. "అమ్మా" అంది. అందరూ వంచిన తలలు ఎత్తారు. "ఆ ఇంటిదాన్ని నేనేనమ్మా. యాళ్ళకే పెడ్తున్న. ఆయనే యాళ్ళకు రాడు."

విశ్రాంతమ్మకు ముందు అర్థం కాలేదు. మహిమ చెయ్యి చాచి మగవాళ్ళ వైపు చూపించింది. ఆ ముసలామె మనుషుల మధ్య దారి చేసుకుంటూ వచ్చి జయరాజ్ ఎదుట కూలబడింది. జుట్టు నెరిసి, బుగ్గలు జారిన ఆ మొహంలో ఆమెకు నాలుగేళ్ళవాడు ఎక్కడ కనిపిస్తాడు? ఆమె మొహం చూడనే లేదు. చేతిని నేరుగా ఎడమ చెవి దగ్గరికి పోనిచ్చి, చీలిన తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుంది.

"పోగు పెట్టిస్తే గుంజుకున్నవ్ గదరా" అంది. "రక్తం కారుతుంటే నేనే పసుపు అద్దిన." ఆ తర్వాత రెండో చేతితో అతని తల నిమురుతూ, లాంచీ బోల్తా కొట్టిందని ఎవరో చెప్పారని, ఒడ్డొడ్డునా రాజమండ్రి దాకా నడిచానని, కనబడ్డ ప్రతి రేవులోనూ అడిగానని, తప్పు చేసిన మనిషిలా గబగబా చెప్పుకుపోయింది.

"నన్ను ఎగువకు తోలుకపోయిండ్రమ్మా" అన్నాడు జయరాజ్, ఆమె చెయ్యి తన చెవి మీదినుంచి తియ్యనివ్వకుండా. "నువ్వు మంచిగనే వెతికినవ్."